చేతి ముద్ర పడని పని

ఎదిగిన తెల్ల ఎలుక తొడ ఎముక మహా ఉంటే నాలుగు సెంటీమీటర్లు. దాని రెండు కొసలూ కత్తిరించి, సన్నని సూది గుచ్చి, ద్రావణాన్ని ఒక్క ధారగా వదిలితే లోపలి మూలుగ ఎర్రగా బయటికొస్తుంది. చూసేవాళ్లకు కనిపించేది అంతే. ఆ ఎర్రటి ముద్దలో కోట్ల కణాలుంటాయి. వాటిలో ప్రయోగానికి కావలసిన మూలకణం పదివేలకు ఒకటి, ఒక్కోసారి లక్షకు ఒకటి. దాన్ని పట్టుకుని, బతికించి, స్వభావం చెడకుండా పెంచడం ఒక ఎత్తు. అలా పెంచిన రెండు రకాల ఎలుకల కణాల మధ్య తేడా కనిపిస్తే, ఆ తేడా ఎలుకలదే తప్ప పెంచిన మనిషి చేతిది కాదని గట్టిగా చెప్పగలగడం మరో ఎత్తు. ఈ రెండో పని నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. అది శ్రద్ధగా జరిగిన చోటు ఒకటి మన హైదరాబాదులోనే, తార్నాకలో ఉంది.

జాతీయ పోషకాహార సంస్థ అనగానే బియ్యంలో ఎంత, రాగుల్లో ఎంత, మునగాకులో ఎంత అని చెప్పే పట్టికలు గుర్తొస్తాయి. పిల్లల ఎత్తు బరువుల లెక్కలు గుర్తొస్తాయి. ఎన్‌ఐఎన్ అని అందరూ పిలిచే ఆ సంస్థలోనే దేశంలోని ప్రయోగశాలలకు ఎలుకల్ని, చుంచుల్ని పెంచి ఇచ్చిన కేంద్రం కూడా ఉండేదని చాలామందికి తెలియదు. 2012లో అక్కడి శాస్త్రవేత్త విజయలక్ష్మి వెంకటేశన్ బృందం ‘ప్లాస్ వన్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. వంశపారంపర్యంగా ఊబకాయం, దానితోపాటు మధుమేహ లక్షణాలు వచ్చే ఎలుకల ఎముక మజ్జ నుంచి మూలకణాలు తీసి పెంచితే, ఆ కణాలు పాత్రలో కూడా జబ్బు లక్షణాలు చూపిస్తున్నాయన్నది దాని సారాంశం. పుణెలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రమేశ్ భోండే కూడా ఆ వ్యాస రచయితల్లో ఒకరు. ఫలితం సంగతి తరవాత చెబుతాను. దాని వెనకున్న పనితనం ముందు చూడాలి.

ఆ పనితనం ఎముక కోసిన రోజున మొదలవలేదు. ఆ ఎలుకల వంశంతో మొదలైంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒక్క గదిలో, రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఎన్‌ఐఎన్‌కు మూలం అదే. అక్కడ విస్టార్ జాతి తెల్ల ఎలుకల పెంపకం 1920లో మొదలైంది. దేశంలో ఏ ప్రాంతం వాళ్లు ఏం తింటారో ఆ తిండే ఎలుకలకు పెట్టి, వాటి ఎదుగుదల ఎలా ఉందో మెకారిసన్ చూశాడు. 1958లో సంస్థ హైదరాబాదుకు మారింది, ఎలుకల వంశమూ దానితోపాటే వచ్చింది. అన్నాచెల్లెళ్లను వరసగా ఇరవై తరాలు జతకట్టిస్తే వచ్చే ఎలుకలు జన్యుపరంగా దాదాపు ఒకే అచ్చున ఉంటాయి. అలాంటి వంశాన్ని దశాబ్దాల పాటు కలుషితం కాకుండా కాపాడటమంటే ప్రతి బోనుకూ చీటీ, ప్రతి కాన్పుకూ లెక్క, ప్రతి జతకూ వంశవృక్షం రాసి పెట్టుకోవడం. బయట ఎండ 42 డిగ్రీలు కాస్తున్నా లోపల 22 డిగ్రీలు, పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి తప్పకుండా ఉండాలి. ఈ పని చేసిన జంతుశాల సిబ్బంది పేర్లు ఏ పరిశోధన వ్యాసం పైనా ఉండవు. కానీ ఆ వ్యాసాల్లోని ప్రతి గీతకూ పునాది వాళ్లు వేసిందే.

1990ల్లో ఆ మందలో ఒక తేడా ఎలుక పుట్టింది. విపరీతంగా తినేది, నీళ్లు తెగ తాగేది, తోటి ఎలుకల్ని మించి లావెక్కేది. వంశశుద్ధి కాపాడే చోట ఇలాంటిది కనిపిస్తే లోపంగా భావించి తీసిపారేయడం మామూలు. ఎన్.వి. గిరిధరన్ అలా చేయలేదు. దాన్ని పట్టుకుని, దాని తోబుట్టువులతో జాగ్రత్తగా సంతతి పెంచి, ఆ లావు పిల్లలకు వస్తున్న తీరు నిర్ధారించి, రెండు కొత్త వంశాలు స్థిరపరిచాడు. ఒకటి ఊబకాయం ఉన్నా రక్తంలో చక్కెర మామూలుగా ఉండేది. రెండోది ఊబకాయంతోపాటు చక్కెరను సరిగా సర్దుకోలేనిది. ఈ రెండో వంశం పేరు డబ్ల్యూఎన్‌ఐఎన్/జీఆర్-ఓబీ. ఇన్సులిన్ ఎక్కువగా ఊరడం, అది సరిగా పనిచేయకపోవడం, కంటిలో శుక్లాలు, మూత్రపిండాల జబ్బు, ఇలా మనుషుల్లో మధుమేహంతో వచ్చే బాధల్లో చాలా దీనిలో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. లావు ఎలుకలకు, ఆడైనా మగైనా, పిల్లలు పుట్టవు. కాబట్టి వంశం నిలవాలంటే ఆ జన్యువు ఒకే ప్రతి మోసే నడిమి రకం ఎలుకల్నే జతకట్టాలి. వాటి పిల్లల్లో నాలుగింట ఒకటి లావుది, ఒకటి సన్నది, రెండు నడిమివి. ఏది ఏదో కంటికి తెలియడానికి వారాలు పడుతుంది. ఆ ఓపిక వల్ల పరిశోధకులకు దొరికింది చాలా విలువైనది: ఒకే తల్లి కడుపున, ఒకే కాన్పులో, ఒకే పాలు తాగి, ఒకే బోనులో పెరిగిన లావు ఎలుక, సన్న ఎలుక. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి జోడీ ఉండదు.

నేను జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురిలో పెరిగినవాణ్ని. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. పనితనం అంటే మాకు కళ్లెదుట కనిపించేది టిన్‌ప్లేట్ కంపెనీ. కిరసనాయిలు డబ్బాలకు కావలసిన రేకు ఇక్కడే తయారుచేయాలని పెట్టిన కర్మాగారం అది. కూనూరులో ఎలుకల పెంపకం మొదలైన 1920లోనే ఇదీ ఏర్పడింది. ఉక్కు రేకు మీద తగరం పూత కంటికి తెలియనంత పలచన, చెమట చేయి తగిలితే మరక తేలుతుంది. మేలైన రేకు మీద దాన్ని చేసినవాడి వేలిముద్ర ఉండదు. కణాల పెంపకాన్నీ నేను ఆ కొలతతోనే చూస్తాను.

ఎలుక ప్రాణం తీయడం ఈ పనిలో మొదటి మెట్టు, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిటీ నియమాలున్నాయి, ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం ఉంటుంది. ఎన్ని ఎలుకలు, ఎందుకన్నన్ని, తక్కువతో ఎందుకు సరిపోదు అన్నదానికి ముందే రాతపూర్వకంగా జవాబివ్వాలి. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రవేత్తలు మూడు సూత్రాలు పెట్టారు: వీలైతే జంతువు లేకుండా చేయి, తప్పకపోతే తక్కువ జంతువులతో చేయి, వాటికి బాధ తగ్గించి చేయి. మజ్జ కణాల పెంపకం రెండో సూత్రానికి బాగా పనికొస్తుంది. ఒక ఎలుక కాళ్ల నుంచి తీసిన కణాలు పెరిగి, గడ్డకట్టి నిల్వ ఉండి, ఎన్నో ప్రయోగాలకు సరిపోతాయి. అందుకే తీసేటప్పుడు చేసే నిర్లక్ష్యం రెండింతల తప్పు. కణాలు చెడితే మరో ఎలుక పోతుంది.

ఎముక తీయడంలో తొందర, నిదానం రెండూ కావాలి. ప్రాణం పోయిన క్షణం నుంచి కణాలు చావడం మొదలవుతుంది కాబట్టి తొందర. తుంటి కీలు దగ్గర ఎముక విరగకుండా విడదీయాలి కాబట్టి నిదానం. ఎముక నడుమ చిట్లితే లోపలి మజ్జ కారిపోతుంది, బయటి సూక్ష్మజీవి లోపలికి పోతుంది. ఆ తరవాత గాజుగుడ్డతో ఎముకను రుద్ది, అంటుకున్న కండను పూర్తిగా తీసేయాలి. కొత్తవాళ్లు ఈ మెట్టు దగ్గరే చెయ్యి వదిలేస్తారు. ఎముక పైన ఒక్క మాంసపు పీచు మిగిలినా దానిలోని నార కణాలు పాత్రలోకి చేరతాయి. అవీ మూలకణాల్లాగే ప్లాస్టిక్‌ను అంటుకుంటాయి, అలాగే సాగుతాయి, మైక్రోస్కోపు కింద పోల్చుకోవడం కష్టం. పైగా కొన్నిసార్లు వేగంగా పెరుగుతాయి. వారం తరవాత పాత్ర నిండా కణాలు చూసి సంతోషించినవాడికి అవి ఎవరివో తెలియదు. శుభ్రమైన ఎముక నున్నగా, కొద్దిగా గులాబి రంగులో కనిపిస్తుంది. ఆ నునుపు కనిపించేదాకా రుద్దే చేయి నమ్మదగిన చేయి.

సూక్ష్మజీవులు చేరకుండా శుద్ధమైన గాలి వీచే హుడ్ కిందికి వచ్చాక ఎముక కొసలు కత్తిరించి సూదితో ద్రావణం పంపిస్తారు. గులాబి రంగు పోయి ఎముక తెల్లబారితే మజ్జ అంతా వచ్చేసినట్టు. ఎక్కువ ఒత్తిడితో కొడితే నురగ వస్తుంది, బుడగ పగిలినప్పుడల్లా కణాలు చస్తాయి. ఈ ధారతో పోయేవి పోగా మిగిలేవి తక్కువని, ఎముకను చిన్న గొట్టంలో నిలబెట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మజ్జను దించే పద్ధతిని 1999లో కొందరు చూపించారు. ఎలుక కాళ్ల ఎముకలకే దాన్ని రూపొందించారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది, ఎందుకంటే దానిలో మనిషి వేలి బలానికి చోటు లేదు. ఎవరు చేసినా ఒకే వేగం, ఒకే సమయం.

మజ్జ ముద్దను విడగొట్టి, జల్లెడ పట్టి, ఎర్ర కణాలు తీసేసి, బతికున్నవి ఎన్నో లెక్కపెట్టి ఫ్లాస్కులో పోస్తారు. దానిలో కణాలకు పోషణనిచ్చే, సీరం కలిపిన మీడియం ఉంటుంది, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెడతారు. ఇక చేయవలసింది ఏమీ చేయకపోవడం. కనీసం ఒక రోజు, చాలాచోట్ల రెండు మూడు రోజులు, ఫ్లాస్కును కదపకూడదు.

ఇలా వదిలేయడం వెనక ఒక గొప్ప పరిశీలన ఉంది. మాస్కోలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టీన్ 1960ల్లో, 70ల్లో మజ్జ మీద పనిచేశాడు. 1970లో వచ్చిన వ్యాసంలో గినీ పందుల మజ్జను పలచగా పాత్రలో పోస్తే, రక్తం చేసే కణాలన్నీ తేలుతూ ఉండిపోగా, చాలా కొద్ది కణాలు అడుగుకు అంటుకుని, ఒక్కొక్కటి ఒక గుంపుగా పెరుగుతాయని చూపించాడు. ఆ గుంపుల్ని తిరిగి జంతువు శరీరంలో పెడితే ఎముక కట్టాయి. మూలకణాన్ని వెతికి పట్టుకునే సాధనం ఆయన దగ్గర లేదు. దానికి ఉన్న అంటుకునే గుణాన్నే సాధనంగా వాడుకున్నాడు. 1991లో ఆర్నాల్డ్ కాప్లాన్ వీటికి మీసెన్‌కైమల్ మూలకణాలని పేరు పెట్టాడు. 1988లోనే టొరంటోలో మానియాటోపులోస్, సోడెక్, మెల్చర్ లేత వయసు ఎలుకల మజ్జ కణాలకు డెక్సామెథసోన్, విటమిన్ సి, బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఇచ్చి పాత్రలోనే ఎముక గుళికలు కట్టించారు. ఎలుక మజ్జ మీద పనిచేసే ప్రతివాళ్లూ నేటికీ ఆ మూడు పదార్థాలకు రుణపడే ఉన్నారు.

అంటుకునేదల్లా మూలకణమైతే పని సులువయ్యేది. మాక్రోఫేజులని పిలిచే భక్షక కణాలూ గట్టిగా అంటుకుంటాయి. చుంచుల మజ్జలో ఈ బెడద మరీ ఎక్కువ, ఎలుకల్లో కొంత నయం. వీటిని వదిలించుకునే నేర్పు, కణాల పట్టు విడిపించే ట్రిప్సిన్ అనే ఎంజైము దగ్గర కనబడుతుంది. అయిదో రోజు, ఆరో రోజుకు గుంపులు కంటికి ఆనతాయి. నడుమ కొద్దిగా ఉబ్బి, రెండు కొసలూ సన్నగా సాగిన కణాలు పక్కపక్కనే ఒకే దిక్కుకు వరస కడతాయి. ఫ్లాస్కు అడుగు 80 శాతం నిండినప్పుడు వాటిని లేపి కొత్త ఫ్లాస్కులకు పంచాలి. పూర్తిగా నిండనిస్తే ఒకదాన్నొకటి తాకి ఆగిపోతాయి, కొన్ని తమంతట తామే మరో రకంగా మారడం మొదలెడతాయి.

లేపడానికి మీడియం తీసేసి, ట్రిప్సిన్ పోసి, ఫ్లాస్కును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుండాలి. మొదటి నిమిషం ఏమీ జరగదు. తరవాత సాగిన కొసలు ఒక్కొక్కటిగా లోపలికి ముడుచుకుంటాయి, కణం గుండ్రమవుతుంది, దాని చుట్టూ వెలుగు అంచు కడుతుంది. ఫ్లాస్కు పక్కన అరచేత్తో చిన్నగా తడితే గుండ్రమైనవి జారిపోతాయి. ఆ క్షణంలో అడుగున ఇంకా చదునుగా అతుక్కుని ఉన్నవాటిని చూడాలి. చాలావరకు అవే భక్షక కణాలు. అక్కడే ఆపి, సీరం ఉన్న మీడియం పోసి ట్రిప్సిన్ పని ముగించి, లేచినవాటిని మాత్రమే తీసుకుంటే, మిగిలినవి పాత ఫ్లాస్కుతోపాటు పోతాయి. అన్నిటినీ లేపాలన్న ఆశతో ఇంకో రెండు నిమిషాలు ఉంచితే అక్కరలేనివీ వస్తాయి, కావలసినవాటి పైపొరా దెబ్బతింటుంది. ఏ పుస్తకమూ ఆ నిమిషాన్ని సరిగ్గా చెప్పలేదు. ట్రిప్సిన్ ఎంత పాతది, గది ఎంత చల్లగా ఉంది, కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి మారుతుంది. కంటితో చూసి చేయి ఆపాలి.

ఇలా ఒకసారి లేపి పంచితే ఒక పాసేజ్. ఎన్‌ఐఎన్ బృందం మూడో పాసేజ్ కణాలతో తేడాలు చూసింది. ఆ ఎంపికలో వివేకం ఉంది. మొదటి పాసేజ్‌లో రక్త సంబంధమైన కణాలు ఇంకా మిగిలి ఉంటాయి. మరీ ముందుకు పోతే కణాలు ముసలివై చదునుగా విస్తరిస్తాయి, లేదా పాత్ర జీవితానికి అలవాటుపడి తమ పుట్టుక లక్షణాలు పోగొట్టుకుంటాయి. మూడో పాసేజ్ దగ్గర శుద్ధీ ఉంటుంది, వంశపు గుర్తూ మిగులుతుంది. శుద్ధిని కంటితో కాక గుర్తులతో నిరూపించాలి. ఎలుక మూలకణం పైపొరలో సీడీ90, సీడీ29 అనే ప్రొటీన్లు ఉండాలి, రక్తకణాల గుర్తు సీడీ45 ఉండకూడదు. మనుషుల కణాలకు అంతర్జాతీయ సంఘం 2006లో పెట్టిన నియమాల్లోనూ మొదటిది ప్లాస్టిక్‌కు అంటుకోవడమే, చివరిది ఎముక, కొవ్వు, మృదులాస్థి మూడుగానూ మారి చూపించడం.

చక్కెర జబ్బు మీద పనిచేసేటప్పుడు ఇంకో సున్నితమైన సంగతి ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. కణాలకు పోసే డీఎంఈఎం మీడియం రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదానిలో లీటరుకు ఒక గ్రాము గ్లూకోజ్, అంటే మనిషి పరగడుపు రక్తంలో ఉండే స్థాయి. రెండోదానిలో నాలుగున్నర గ్రాములు. రక్త పరీక్ష భాషలో చెప్పాలంటే డెసిలీటరుకు 450 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక కణాల్ని రెండోదానిలో పెంచితే వాటికి మనమే మధుమేహం పెట్టినట్టు. కాబట్టి సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ అంకె చదవకుండా ఎవరైనా ‘మధుమేహ ఎలుక కణాలు ఇలా ఉన్నాయి’ అంటే నేను నమ్మను. సీరం విషయమూ ఇంతే. దూడ పిండాల నుంచి తీసే ఆ సీరం ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ మారుతుంది. ఒక బ్యాచ్‌లో చకచకా పెరిగిన కణాలు ఇంకోదానిలో మొండికేస్తాయి, వేరొకదానిలో కొవ్వు వైపు మొగ్గుతాయి. మంచి ప్రయోగశాలలు నాలుగైదు బ్యాచ్‌ల నమూనాలు తెప్పించి పరీక్షించి, నచ్చిన బ్యాచ్ సీసాలన్నీ ఒకేసారి కొని ఫ్రీజర్‌లో పెట్టుకుంటాయి. లావు ఎలుక, సన్న తోబుట్టువు, మూల వంశపు ఎలుక, మూడింటి కణాలకూ ఒకే సీసా, ఒకే రోజు, ఒకే సాంద్రత, వీలైతే ఒకే మనిషి చేయి. అప్పుడు మిగిలే తేడా ఎలుకది.

కొవ్వుగా మారే పరీక్ష చూడటానికి అందంగా ఉంటుంది. కణాలకు డెక్సామెథసోన్, ఇన్సులిన్, మరికొన్ని మందులు కలిపిన మీడియం రోజులతరబడి ఇస్తారు. సన్నగా సాగిన కణం మెల్లగా కురచబారుతుంది, లోపల చిన్న చిన్న బిందువులు మెరవడం మొదలవుతాయి. రెండు మూడు వారాలకు బిందువులు కలిసి పెద్దవవుతాయి. అప్పుడు ఫార్మలిన్‌తో స్థిరపరిచి ఆయిల్ రెడ్ ఓ అనే రంగు పోసి కడిగితే, కొవ్వు ఉన్న చోటల్లా ఎర్రటి చుక్కలు తేలతాయి, మిగతాదంతా తేటగా ఉండిపోతుంది. తరవాత ఆ రంగును ఆల్కహాలుతో కరిగించి, ఎంత దిగిందో యంత్రంతో కొలిస్తే కంటికి తోచింది అంకె అవుతుంది.

ఇప్పుడు ఎన్‌ఐఎన్ ఫలితం. లావు ఎలుకల మజ్జ కణాలు మిగతా రెండింటికంటే వేగంగా విభజన చెందాయి. కొత్త డీఎన్‌ఏ తయారయ్యేటప్పుడు దానిలో చేరిపోయే ఒక నకిలీ ముక్కను ఇచ్చి, ఎన్ని కణాలు దాన్ని మింగాయో చూసి ఈ వేగం తేల్చారు. మంటను సూచించే ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా జన్యువులు ఎక్కువ పనిచేస్తున్నాయి. కొవ్వు కణంగా మారే దారిలో ముందడుగు వేసే జన్యువులు ముందే మేలుకున్నాయి, కొవ్వు కణాలూ ఎక్కువే వచ్చాయి. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది ఇన్సులిన్ కణాల తరహా గుత్తులుగా వాటిని మార్చినప్పుడు కనిపించిన సంగతి. మామూలుగా అలాంటి గుత్తులు చక్కెర పెరిగితే స్పందించాలి. లావు ఎలుక కణాల గుత్తులు ఎక్కువ గ్లూకోజ్‌కు చలించలేదు. జంతువు శరీరం వదిలి వారాలైంది. ఆ ఎలుక రక్తం లేదు, దాని హార్మోన్లు లేవు, దాని తిండి లేదు. మూడుసార్లు లేపి పంచారు. అయినా ఆ కణాలు ఆ ఎలుక జబ్బును పాత్రలో ప్రదర్శించాయి. వ్యాసకర్తలు దీన్ని వ్యాధి జ్ఞాపకం అన్నారు.

ఈ ఫలితం నిలబడటానికి కారణం కేవలం పరికరాలు కాదని నా అభిప్రాయం. కోతకు ముందే, ఎలుకల గదిలోనే, పోలికకు సరైన తోబుట్టువు దొరికింది. ఆ తోబుట్టువు లేకపోతే, లావు ఎలుక కణాలు వేగంగా పెరగడం వయసు వల్లనో, తిండి వల్లనో, కండ పీచు మిగలడం వల్లనో అని ఎవరైనా అనగలరు. వాళ్లు చేసిన పని అలాంటి మాటలకు చాలావరకు చోటివ్వలేదు.

ఒక ప్రశ్న మాత్రం నాకు మిగిలింది, అది వ్యాసం మీద గౌరవంతో అడిగేదే. జ్ఞాపకం అనాలంటే జబ్బు వాతావరణంలో బతికినందువల్ల కణంలో ఏదో మిగిలిపోవాలి. కానీ ఈ ఎలుకల్లో ఊబకాయం తెచ్చే జన్యు లోపం పుట్టుకతోనే ప్రతి కణంలోనూ ఉంటుంది. మజ్జ కణం కొవ్వు వైపు మొగ్గింది ఇన్సులిన్ నిండిన రక్తంలో ఎదిగినందుకా, లేక తన లోపలి జన్యువు వల్లనా? తరవాతి ఏళ్లలో హైదరాబాదులోనే జరిగిన పరిశోధన ఆ లోపాన్ని అయిదో క్రోమోజోము మీద, ఆకలిని అదుపుచేసే లెప్టిన్ గ్రాహకం జన్యువుకు దగ్గరి ప్రాంతంలో గుర్తించింది. ఆకలికి సంబంధించిన లోపం మజ్జ కణాన్ని నేరుగా తాకుతుందా అన్నది తేలాలి.

దాన్ని తేల్చే ప్రయోగం ఊహించడం కష్టం కాదు. లోపం లేని సన్న తోబుట్టువుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు, చక్కెర ఎక్కువున్న మేత నెలల తరబడి పెట్టి లావెక్కించాలి, రెండో జట్టుకు మామూలు మేత. జన్యు లోపం వల్ల లావెక్కిన ఎలుకలు మూడో జట్టు. మూడు జట్ల తొడ ఎముకలూ ఒకే రోజు తీయాలి, ఒకే బ్యాచ్ సీరం, లీటరుకు ఒక గ్రాము గ్లూకోజ్ ఉన్న మీడియం, మూడో పాసేజ్. మేతతో లావెక్కిన ఎలుక కణాలు కూడా పాత్రలో అదే పోకడ పోతే జ్ఞాపకం అన్న మాట నిలుస్తుంది. అవి మామూలు కణాల్లా ప్రవర్తిస్తే జన్యువుదే పని. ఫ్లాస్కుల మీద జట్టు పేరు రాయకుండా, గుర్తు సంఖ్య మాత్రమే వేసి, ఆ సంఖ్యల చిట్టా ఇంకొకరి దగ్గర ఉంచితే, ఎర్ర చుక్కలు లెక్కపెట్టే మనిషికి ఏది ఎవరిదో తెలియదు.